కార్డు ఒక్కటే కాన్పు గట్టెక్కించదు



ఆరోగ్యశ్రీ కార్డు ఉండగా పేద గర్భిణికి ఖర్చేముంటుందని గత వారం మీ పత్రికలో ఒక వ్యాసకర్త రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరాక జరిగే చికిత్సకు. గర్భిణి ఖర్చు నెలల ముందే మొదలవుతుంది. ఐదో నెలలో, కడుపులో బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ రాస్తారు. సర్కారు దవాఖానాలో తేదీ దొరక్కపోతే ప్రైవేటు సెంటరే గతి. మా ఊళ్లో పత్తి ఏరే కూలీ ఒకామె ఆ స్కాన్ కోసం చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఆ పూట ఆమె కూలీ పోయింది, తోడెళ్లిన అత్త కూలీ పోయింది.

బీమాతో ప్రైవేటు కాన్పులు పెంచాలన్న ఆ వ్యాసకర్త సూచన మరీ ప్రమాదకరం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో నూటికి 81 కాన్పులు సిజేరియన్లేనని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ కోతలకు ప్రజల సొమ్ము పోయాలా?

సర్కారు దవాఖానాలో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానూపోనూ బండి ఉచితమని 2011 నుంచే జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. వ్యాసంలో దాని ఊసే లేదు.

ఇక కూలీ నష్టం సంగతి. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు కనీసం 6,000 రూపాయలివ్వాలంది. కేంద్ర ప్రభుత్వ మాతృ వందన పథకం తొలి కాన్పుకు 5,000 ఇస్తోంది; రెండోసారి ఆడపిల్ల పుడితేనే 6,000. రెండోసారి మగపిల్లాడిని కన్న తల్లికి కూలీ నష్టం ఉండదా? చట్టం చెప్పిన మొత్తం ప్రతి కాన్పుకూ ఇవ్వాలి. ఏరియా ఆస్పత్రుల్లో స్కానింగ్ యంత్రంతోపాటు రేడియాలజిస్టునూ నియమించాలి.

– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్ జిల్లా