దేశాంతర విశేషములు: పదుమూడక్షరముల కూజా

పింగాణి వస్తువొక్కటియైన లేని వంటగది మనలో నరుదు. ఊరగాయ జాడీ మొదలు కాఫీ కప్పు వరకు అది నిత్యము మన చేతులలో మెలగుచున్నదే. అయినను అది యెక్కడ పుట్టినది, ఎవరు చేసిరి, దాని వెల నెట్లు కట్టిరి యని యడుగువారు తక్కువ. ఈ ప్రశ్నలను అడిగి తెలిసికొనుటకే వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులను కర్మాగారములకు గొనిపోవు నాచారము నేడు పెక్కు దేశములలో నున్నది. పుస్తకములో నొక పంక్తిగా నున్న ఖర్చు, కర్మాగారములో మట్టియు నిప్పును మనుష్యుల చేతులునై కనబడును. అట్టి విద్యార్థులు చూడదగిన తావులలో వియత్నాము దేశమునందలి చూ దౌ గ్రామమొకటి. అచ్చట పింగాణి చేయు కంపెనీయు, పాత పాత్రల ప్రదర్శనశాలయు నొకే యావరణములో నున్నవి. ఆ కంపెనీ పుట్టుటకు మూలమైనది పెద్ద ధనికుడు కాడు, క్రొత్త యంత్రమును గాదు; వేరొక దేశపు రాజభవనములో దాగియున్న కూజా మీది పదుమూడక్షరములు. ఆ కథయే యీ మాసపు విశేషము.

చూ దౌ రాజధానియగు హనోయికి తూర్పున, థాయ్ బిన్ నదీతీరమున నున్నది. నిన్నమొన్నటివరకు అది హై ద్యువాంగ్ రాష్ట్రములోనిది. 2025 జూలైలో ఆ రాష్ట్రమును హైఫాంగ్ నగరపాలనలో కలిపివేసిరి. చుట్టును వరిచేలు. ఇక్కడి పాత్రలకు వలసిన తెల్లమట్టి ఆ ప్రాంతమందే త్రుక్ థోన్ అను చోట దొరకును. దానిని నీటిలో నానవైచి, వడియగట్టి, తేర్చి, రాయియు నిసుకయు లేకుండ చేయుదురు. మన మినపపప్పు కడిగి, గాలించి, రుబ్బుటలో నెంత యోపిక వలయునో యిందును అంతే వలయును. ఒక్క యిసుకరేణువు మిగిలినను కాలునప్పుడు పాత్ర బీటవారును. అట్లు సిద్ధమైన మట్టిలో కొంత కుమ్మరి సారె మీది కెక్కును. కొంత మజ్జిగవలె పలుచనై ప్లాస్టరు అచ్చులలోనికి పోవును. ప్లాస్టరు నీటిని పీల్చుకొనగా లోపలిగోడకు మట్టి పొరగా నంటుకొనును, మిగిలినదానిని వంపివేయుదురు.

మన యిల్లాండ్రకు మిక్కిలి యింపుగా తోచు సంగతి ఇక చెప్పెదను. ఈ పాత్రల మీది గాజుపూతకు వారు వరియూక బూడిదను వాడుదురు. ఊకపొయ్యి నెరిగినవారికిని, ఊకబూడిదతో గిన్నెలు తోమినవారికిని దాని గరుకుదనము తెలిసినదే. ఆ గరుకుదనమునకు కారణము సిలికా యను పదార్థము. ఇసుకలో నుండునదియు, గాజునకు మూలమైనదియు నదియే. వరిపైరు దానిని నేలనుండి పీల్చి గింజపై తొడుగుగా నిల్పుకొనును. అందుచేత ఊక కాలినపిదప మిగులు బూడిదలో నూటికి దాదాపు తొంబది వంతులు సిలికాయే. దానిని సున్నము మొదలగువానితో తగినపాళ్లలో కలిపి నూరి, పాత్రకు పూసి, గొప్పవేడిమిలో కాల్చినచో కరగి గాజుపొరయై నిలుచును. అన్నము పెట్టిన చేనే గిన్నెకు మెరుపునుగూడ పెట్టుచున్నదన్న మాట!

పూతకు ముందు చిత్రలేఖనము జరుగును. నీలిరంగునకు వాడునది కోబాల్టు. కుంచెతో వ్రాయునప్పుడది నీలముగా నుండదు, నల్లగా నుండును. పైని గాజుపూత వేసినపిమ్మట ఆ నలుపును కనబడదు. అనగా చిత్రకారిణి తాను వ్రాసిన పూవు ఏ రంగున పూచునో కన్నులతో గాక తలపులో చూచుకొని వ్రాయవలయును. గీత తప్పినచో తుడుచుటకును వీలు తక్కువ. ఆరిన మట్టి రంగును వెంటనే పీల్చివేయును. తరువాత పాత్రలను ఆవములో పేర్చి పండ్రెండువందల డిగ్రీలకు మించిన వేడిమిలో కాల్చుదురు. పచ్చిగా పదియంగుళములున్న కూజా వెలికి వచ్చుసరికి సుమారు తొమ్మిదంగుళములకు దిగును. కొన్ని వంగును, కొన్ని చిట్లును, కొన్ని ప్రక్కవానితో నంటుకొనును.

వాణిజ్యవిద్యార్థికి మొదటి పాఠ మిచ్చట దొరకును. నూరు కప్పులు ఆవములో పెట్టగా ఎనుబది మాత్రమే సరిగా వచ్చినవనుకొందము. మట్టియు నింధనమును కూలియు నూటికి చెల్లింపవలసినవే, రాబడి ఎనుబదికే. పగిలినవాని వెల నిలిచినవాని నెత్తిన పడును. అప్పడములు ఎండబెట్టి యమ్ముకొని కుటుంబమును నిలుపుకొను స్త్రీ కీ లెక్క ఏ కళాశాలయు నేర్పనక్కరలేదు. విరిగినవాని నామె మొదటనే తీసి లెక్కించును. చదువుకొన్నవారే తరచు దీనిని మరచి, వస్తువు వెలను మట్టి వెలతో పోల్చి, ఇంత యేల యని బేరమాడుదురు.

ఇక ప్రదర్శనశాలలోనికి పోదము. అచ్చట పగిలిన పెంకులు, కాలునప్పుడు చెడి పారవేసిన గిన్నెలు, ఆవములో వాడిన పనిముట్లు మొదలగునవి యున్నవి. అన్నియు ఆ గ్రామపు నేలలోనుండి త్రవ్వి తీసినవే. విచిత్రమేమనగా, నలువది యేండ్లక్రిందట ఆ గ్రామస్థులకే తమ కాళ్లక్రింద నిట్టివి కలవన్న యెరుక లేదు. వారు వరి పండించుకొనుచు చాపలు నేయుచుండిరి. తమ పూర్వులు కుమ్మరులనియు, వారి పాత్రలు సముద్రములు దాటినవనియు చెప్పుకొను కథయైనను మిగులలేదు.

ఆ మరపును తొలగించినది 1980లో హనోయిలోని జపాను రాయబార కార్యాలయమున పనిచేయుచున్న మకోతో అనబుకి యను నుద్యోగి. తురుష్కదేశమున ఇస్తాంబుల్ నగరమునందలి తోప్కాపి రాజభవనమున పూర్వపు సుల్తానులు కూర్చిన పింగాణి భాండారమొకటి కలదు. అందులో 54 సెంటీమీటర్ల యెత్తుగల నీలిపూదీగల కూజాను ఆయన చూచెను. దాని భుజముమీద చీనాలిపిలో పదుమూడక్షరములున్నవి. థాయ్ హోవా ఎనిమిదవ యేట నాం సాక్ ప్రాంతపు శిల్పి వ్రాసినదని వాని భావము. ఆ యేడు మన లెక్కకు 1450. ఆ నాం సాక్ ఎక్కడిదని యడుగుచు ఆయన ఆ రాష్ట్రపు పెద్దకు లేఖ వ్రాసెను. స్థానిక పరిశోధకులు వెదకసాగిరి. 1986లో చూ దౌలో త్రవ్వకములు మొదలుకాగా ఆవముల శిథిలములును పాత్రల గుట్టలును బయలుపడెను. ఒక శిల్పి తన యూరి పేరు వ్రాసియుండనిచో ఆ యూరు నేటికిని చాపలయూరుగానే యుండెడిది.

ఆ పదుమూడింటిలో కడపటి నాలుగక్షరముల గూర్చియే పెద్దవాదము. వానిని ‘బూయి థీ హీ బుత్’ అని చదువుదురు. వియత్నాము స్త్రీల పేరులలో ‘థీ’ యను మాట నడుమ వచ్చుట వాడుక. కావున ‘బూయి థీ హీ యను నామె కుంచెతో వ్రాసినది’ యని యొక యర్థము. కాని ఆ ‘థీ’కి వంశమనియు నర్థము కలదు, ‘హీ’ యనగా వినోదము. అప్పుడు ‘బూయి వంశపువా రెవరో వినోదార్థము వ్రాసినది’ యగును. మొదటి యర్థమును నమ్మువారు ఆమె జీవితమంతయు చెప్పుదురు: చదువరియట, పురుషవేషమున రాజపరీక్షలకు పోయినదట, ఆవముల యజమానిని వివాహమాడినదట, సరకుతో నోడలను సముద్రముమీదికి నడపినదట. ఇందులకు నాధారముగా చూపిన వంశవృత్తాంతములను సందేహించు పండితులును గలరు.

నా మనసున కీ వివాద మెట్లు తోచునో చెప్పెదను. వినుట కింపైన కథ గదా యని దానినెల్ల సత్యమని గ్రహించుట తగదు. సరకుతోపాటు కథనుగూడ నమ్ము వర్తకులయొద్ద కొనువారు మరింత మెలకువగా నుండవలయును. అట్లని ‘ఆ కాలమున స్త్రీ యట్టి పని యెట్లు చేయును’ అని త్రోసివేయుటయు నన్యాయమే. 1450 నాటికి ఆ దేశపు రాజు తొమ్మిదేండ్ల బాలుడు. రాజ్యము నడపుచున్నది అతని తల్లి న్గుయెన్ థీ ఆన్. సింహాసనము వెనుక స్త్రీ యున్న దేశమున కుంచె వెనుక స్త్రీ యుండుట యసాధ్యమనుట కాధారమేమి? సందేహములన్నియు తీసివేసినను ఒకటి మిగులును: శిల్పి, ఊరు, సంవత్సరము అను మూడును ఒక కూజామీద నిలిచినవి. రాజుల పేరులు లక్షల పాత్రల మీద కనబడును గాని, చేసినవారి పేరు కనబడుట మిక్కిలి యరుదు.

ఈ పాత్రలు అంతదూర మేల పోయినవి? ఇది విద్యార్థులు చూడవలసిన రెండవ పాఠము. నీలిచిత్రముల పింగాణికి లోకమున చీనాయే పుట్టినిల్లు. కాని మింగు వంశపు చక్రవర్తులు 1371 మొదలు తమ ప్రజలు సముద్రవ్యాపారము చేయరాదని నిషేధించిరి. చీనా సరకు తగ్గగానే, చీనాపద్ధతి నెరిగిన వియత్నాము కుమ్మరులు ఆ లోటును పూరించిరి. జావా మొదలగు ద్వీపములు, జపాను, పడమటి దేశములు వీరి సరకును కొనెను. ఆ వ్యాపారమున మునిగిన యోడ యొకటి హోయి ఆన్ కెదురుగా, కూలావ్ చాం ద్వీపముల దాపున సముద్రగర్భమున దొరకెను. 1997 మొదలుకొని పండితులును గజయీతగాండ్రును శ్రమించి రెండులక్షలకు పైబడిన పాత్రలను వెలికితీసిరి. ఒక్క యోడలో రెండులక్షలు! కప్పులు, పళ్లెములు, భరిణెలు, కూజాలు. ఎన్ని చేతులు ఎన్ని దినములు పనిచేసినవో యూహింపుడు. అరుదైనవానిని ఆ దేశపు ప్రదర్శనశాలల కుంచి, తక్కిన వానిలో పెక్కింటిని 2000వ సంవత్సరమున అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో వేలము వేసిరి.

పొరుగువాని తలుపు మూసియుండుటచే వచ్చిన గిరాకి, ఆ తలుపు తెరచుకొనగనే జారిపోయెను. 1567లో మింగు ప్రభువులు నిషేధమును సడలించిరి. చీనా సరకు మరల సముద్రమెక్కెను. ఇంతలో వియత్నాములో లే, మాక్ వంశములకు యుద్ధములు చెలరేగెను. మాక్ వంశము పుట్టినసీమ హై ద్యువాంగ్ ప్రాంతమే గావున 1592 తరువాత ఓడినవారి నేలపై యుద్ధపు దెబ్బ పడెను. ఆవములు చల్లారెను. పనివారు చెదరిపోయిరి. తల్లి కూతురికి, తండ్రి కొడుకునకు చూపి నేర్పు విద్య గనుక, రెండుమూడు తరములు చేయకపోవుటతోనే అది సమూలముగ నశించెను. వ్రాతపుస్తకమేదియు మిగులలేదు. నేటివారు పెంకులను చూచి, మట్టిని పరీక్షించి, పూతను పదేపదే కలిపి చూచి మరల నేర్చుకొనవలసివచ్చెను.

అట్లు నేర్చుకొనుటకు 2001లో హనోయి ప్రభుత్వ వాణిజ్యసంస్థ చూ దౌలో నేటి కర్మాగారమును నెలకొల్పెను. ఇస్తాంబుల్ కూజాను బోలిన నీలిపూల కూజాయు, వీణవంటి వారి వాద్యమును బోలిన రూపముగల ‘తీ బా’ కూజాయు వారి ముఖ్యమైన సరకు. పైపెచ్చు టీ పాత్రలు, పళ్లెములు మొదలగు నిత్యోపయోగ వస్తువులును చేయుదురు. లాభమున కివి, కీర్తి కవి యనుకొనవచ్చును. ప్రదర్శనశాలను గొందరు వట్టి యలంకారమని తలతురు గాని, వ్యాపారదృష్టితో చూచినను అది కంపెనీకి గొప్ప మూలధనము. ఆ పెంకులు లేనిచో ఈ కూజా లోకములోని వేలకొలది నీలికూజాలలో నొకటి మాత్రమే.

అచ్చటికి పోవు విద్యార్థులలో మన యాడుబిడ్డ యెవతెయైన నున్నచో నే నామెతో చెప్పు మాట యిది. అమ్మాయీ, ఏటి యమ్మకమెంత, ఏ దేశమునకు ఎగుమతి యెంత యను ప్రశ్నలు నీ గురువు లడుగుదురు; వానిని వ్రాసికొనుము. పిమ్మట చిత్రలేఖనపు గదిలో నిలిచి, ఈ పూవు వ్రాసినది యెవరు, ఎన్నేండ్లు నేర్చినది, దినమున కెన్ని వ్రాయును, చేతికి వచ్చున దెంత, పగిలినచో కోత యెవరికి అని యడుగుము. పేరు వ్రాసిన ఒక్క చేతివలన బ్రతికిన యూరిలో, పేరు వ్రాయని చేతుల సంగతి అడుగకుండ వచ్చుట బాగుగా నుండదు. పాత్ర నొకదానిని చేత తీసికొని వేలితో తట్టిచూడుము. సంతలో కుండను తట్టిచూచునట్లే. బాగుగా కాలినది ఖంగున మ్రోగును. బోర్లించి అడుగునుగూడ చూడుము. వారి పాత పాత్రల యడుగున పెక్కింటికి గోధుమరంగు పూత కనబడును. సంగ్రహకులు వియత్నాము సరకును గుర్తుపట్టు ఆనవాళ్లలో నదియొకటి.

చూ దౌలో కనబడు నీలిపూదీగల కూజా ప్రతిరూపమే. పదుమూడక్షరముల అసలు కూజా ఇస్తాంబుల్ రాజభవనమునందే యున్నది.