మా తాతగారి చెవుడు

మా తాతగారు ఈ సంవత్సరము దివంగతులైరి. ఆయన యౌవనమున భారత నౌకాదళములో చేరి, విక్రాంత్ అను విమానవాహక నౌకయందు బాయిలరు గదిలో పనిచేసిరి. 1971వ సంవత్సరపు యుద్ధకాలమున ఆ యోడకు గల నాలుగు బాయిలర్లలో నొకటి పగుళ్లు పట్టియుండెను. అయినను అది తగ్గిన వేగముతోనే బంగాళాఖాతమున సంచరించి, డిసెంబరు 4వ తేదీన తన విమానములను కాక్సుబజారుపైకి పంపెను. ఆకాశమున కెగిరిన విమానములను లోకము కొనియాడెను. ఓడ యడుగున, ఆ వేడిలో, ఆవిరి తగ్గకుండ కాచినవారి నెవ్వరు తలచిరి?

ఆ యంత్రముల హోరునకే తాతగారికి చెవుడు వచ్చెనట. ఆయన పోయిన పిదప నాయనమ్మగారు చెప్పగా తెలిసినది. పిలిచిన పలుకకున్నప్పుడెల్ల మేము నవ్వుకొంటిమి. కారణమేమని ఒక్కనాడైన నడుగలేదు. ఆయనయు చెప్పలేదు.

ఆ యోడను 2014వ సంవత్సరమున ముంబయిలో విరుగగొట్టుట కారంభించిరి. 2022లో దాని పేరు గల క్రొత్త నౌక నౌకాదళమున చేరినది. ఓడ పేరు నిలుపుటకు ప్రభుత్వము కలదు. అందు పాటుపడినవాని కథ నిలుపుటకు మనుమలే దిక్కు. కావున సోదర విద్యార్థులారా! మీ పెద్దలు జీవించియుండగనే వారి చెంత కూర్చుండి, బిగ్గరగానైన సరే, అడుగుడు. విన్నదానిని వ్రాసి యుంచుడు.