సహజమైతే చాలదు

సున్నిత చర్మం ఉన్నవారికి 'సహజం' అన్న మాట కొండంత ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యానికి ఆధారం మొక్క పేరులో కాదు, అందులోని పదార్థంలో ఉండాలన్నదే ఈ వ్యాసం వాదన. కలబంద మట్టనే చూడండి. కోయగానే తొక్క అంచున పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. అందులోని అలోయిన్ లాంటివి చర్మాన్ని మండించగలవు. చల్లదనమిచ్చేది లోపలి తెల్లటి గుజ్జు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే అందులోని ఫ్యూరోకౌమరిన్ల వల్ల బొబ్బలెక్కి, నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు.

అమ్మమ్మల కాలం నుంచి వాడుతున్నవే కదా అని అడగవచ్చు. ఆ అనుభవం విలువైనదే; కానీ అవి ఒంటికి పడినవారి మాటే నలుగురికీ చేరుతుంది, పడనివారు మానేసి ఊరుకుంటారు. అలాగని మొక్కలను పక్కన పెట్టమనడం లేదు. ఓట్స్ మెత్తని పొడిని 2003లో అమెరికా ఎఫ్‌డీఏ చర్మరక్షకంగా గుర్తించింది. అందులోని అవెనాంత్రమైడ్లు దురదను, ఎర్రదనాన్ని తగ్గిస్తాయి. సరస్వతి ఆకులోని మాడెకాసోసైడ్‌పైనా పరిశోధనలు ఆశాజనకంగా ఉన్నాయి. వీటిని నమ్మవలసింది పాతవని కాదు, పరీక్షకు నిలుస్తున్నాయని.

కాబట్టి సువాసన కలపని క్రీమునే ఎంచుకోండి. సువాసన నిచ్చే లావెండర్, టీ ట్రీ లాంటి సహజ నూనెలు కూడా అలర్జీ తెప్పించగలవు. కొత్తదాన్ని మోచేతి మడత దగ్గర రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూశాకే ముఖానికి వాడండి. దద్దుర్లు లేస్తే, అది ఎంత పేరున్న మూలికైనా సరే, వెంటనే మానేసి చర్మవైద్యులను కలవండి.