లగ్గానికి ముందే కాగితాలు

జహీరాబాద్‌లో లగ్గం ఖాయమైతే మొదటి పరుగు ఫంక్షన్ హాల్‌కు, తర్వాత బంగారం దుకాణానికి. సర్కారు సాయానికి కావాల్సిన కాగితాలు గుర్తొచ్చేది అప్పగింతలయ్యాకే. ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ సర్కారు సాయమిచ్చే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు 2014 అక్టోబరులో 51 వేల రూపాయలతో మొదలయ్యాయి. 2018లో ఆ సాయం 1,00,116 రూపాయలకు చేరింది. వధువుకు 18 ఏళ్లు నిండాలి, ఆమె తెలంగాణ వాసి కావాలి. కర్ణాటకలోని బీదర్‌కు దగ్గర్లో ఉన్న ఈ ఊళ్లో సంబంధాలు సరిహద్దు దాటుతూనే ఉంటాయి కాబట్టి ఈ నివాస నిబంధన ముందే తెలిసి ఉండటం మేలు.

ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, పదో తరగతి మెమోలో ఇంకొకటి ఉంటే దిద్దించుకోవడానికి పెళ్లి వారం చాలదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో అర్జీ, తహసీల్దార్ సంతకం ఉండనే ఉన్నాయి. మాఘ, ఫాల్గుణాల్లో ముహూర్తాలన్నీ ఒక్కసారే పడితే అక్కడా రద్దీయే. చాలా ఇళ్లలో చెక్కు వచ్చేసరికి పెళ్లి పందిరి ఎప్పుడో విప్పేసి ఉంటుంది. ఆ చెక్కును నమ్ముకుని వడ్డీకి డబ్బు తేవడం (మనకు అలవాటే) తెలివి కాదు. పెళ్లి సాయం పెళ్లికి ముందే అందేలా చూడాల్సింది సర్కారే. అందాకా నిశ్చితార్థం నాడే పిల్ల కాగితాలు బయటికి తీసి చూసుకోవాలి.