సినిమా నిడివి – శ్రామికుని సాయంకాలం

ఇటీవల ఒక డివిజను కమిటీ సమావేశం ముగిసి, రాత్రి బండి రావడానికి ఇంకా వ్యవధి ఉండగా, మా సంభాషణ సినిమాల మీదికి మళ్లింది. కరువు భత్యం గురించీ, ఖాళీల భర్తీ గురించీ మాట్లాడి అలసిన మిత్రులు ఒక్కసారిగా ఉత్సాహవంతులైనారు. ‘పుష్ప-2’ను ఒకరు మెచ్చుకున్నారు, మరొకరు చీదరించుకున్నారు. ఒక పోస్ట్‌మన్ మిత్రుడు ‘బలగం’ చూచి కంటతడి పెట్టినానని దాపరికం లేకుండా చెప్పినాడు. అభిప్రాయాలు ఎన్ని విధాల చీలినా ఒక తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది: సినిమాలు మరీ పొడవైపోతున్నవి.

ఏకగ్రీవ తీర్మానాలను సైతం మరొకసారి పరిశీలించడం మాకు అలవాటు. నిడివి దానంతటదే నేరమా? 1951 నాటి ‘పాతాళభైరవి’, 1957 నాటి ‘మాయాబజార్’ మూడు గంటలు దాటిన చిత్రాలే. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ నాలుగు గంటలకు కొద్ది నిమిషాలు మాత్రమే తక్కువ. హిందీలో ‘సంగమ్’ (1964), ‘మేరా నామ్ జోకర్’ (1970) రెండేసి విరామాలతో ఆడినవి. అంతకు ముందు మన పెద్దలు తెల్లవార్లూ పౌరాణిక నాటకాలూ తోలుబొమ్మలాటలూ చూచినవారే. కనుక నిడివి మనకు కొత్త కాదు. మరి మారినదేమిటి?

మారినది ఖర్చు మోసే భుజం. ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున తిరిగేది. ఇరవై నిమిషాలు పెంచితే ప్రతి ప్రింటుకూ 1,800 అడుగులు అదనం. ఎన్ని కేంద్రాలలో విడుదలైతే అన్ని ప్రింట్లు! ఆ ఫిల్ము పెట్టెల బరువెంతో మనకు తెలుసు. పార్సిలు ఆఫీసులలో వాటిని బుక్ చేసినవారు, బ్రేక్‌వ్యానులలోకి ఎక్కించి దించినవారు మనవారే. ఆ రోజులలో ప్రతి అదనపు రీలూ నిర్మాత జేబుకు తగిలేది గనుక కత్తెరకు పని ఉండేది. నేడు డిజిటల్ ప్రదర్శనలో ఆ భారం దాదాపు లేదు. 2024 డిసెంబరులో మూడు గంటల ఇరవై నిమిషాల నిడివితో విడుదలైన ‘పుష్ప-2’కు 2025 జనవరిలో మరి ఇరవై నిమిషాలు చేర్చి మళ్లీ ప్రదర్శించినారు. అదే సంవత్సరం అక్టోబరులో ‘బాహుబలి’ రెండు భాగాలను, అనగా ఐదున్నర గంటల చిత్రాన్ని, మూడు గంటల నలభై ఐదు నిమిషాలకు కుదించి ఒక్కటిగా చూపినారు. అనగా కత్తెర తుప్పు పట్టలేదు. అవసరమనుకున్నప్పుడు తెగుతూనే ఉన్నది.

పూర్వం ఫిల్ము అడుగులలో లెక్కించిన ఖర్చును నేడు ప్రేక్షకుని గంటలలో వసూలు చేస్తున్నారు. ఆ ప్రేక్షకులలో మనమూ ఉన్నాము గనుకనే ఈ విషయం మన పత్రికలో చర్చనీయమని మేము భావిస్తున్నాము.

ఒక లోకో పైలట్ దినచర్యనే తీసుకుందాం. ఎనిమిది గంటలు మించి పనిచేసి హెడ్‌క్వార్టర్సు చేరిన వానికి నియమం ప్రకారం పదహారు గంటల విశ్రాంతి. అందులో నిద్రకు ఎనిమిది, స్నాన భోజనాలకు రెండు, రాకపోకలకు రెండు తీసివేయండి. భార్యాబిడ్డలకు, బజారుకు, బడి ఫీజులకు, వృద్ధులైన తల్లిదండ్రులకు కలిపి మిగిలేవి నాలుగు గంటలు. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాకు విరామం, ప్రకటనలు, దారి కలుపుకుంటే ఐదు గంటలకు తక్కువ కాదు. ఆ లోటును పూరించేది నిద్ర ఒక్కటే. డ్యూటీకి ముందరి నిద్ర అతని సొంత సుఖం మాత్రమే కాదు, అతని వెనుక పెట్టెలలో కూర్చున్న వందలాది ప్రయాణికుల క్షేమం. ఈ గంటలు మనకు ఎవరూ దానమిచ్చినవి కావు. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల పనిదినంపై ప్రభుత్వ హామీ సాధించినారు. దాని అమలు కోసం తరువాతి తరం కూడా పోరాడవలసి వచ్చింది. అట్లా గడించిన గంటలను ఎవరికి అప్పగిస్తున్నామో చూచుకోవద్దా?

మా గార్డు మిత్రుడొకడు (2022 నుండి ట్రైన్ మేనేజరని పేరు మార్చినారు గాని మా నాలుకకు ఇంకా గార్డే) ఒక సినిమాను రెండు టిక్కెట్లతో చూచినాడు. మొదటిసారి విరామంలో లేచి డ్యూటీకి పోయినాడు. తరువాతి వారం మళ్లీ వెళ్లి, మొదటి సగమంతా కుర్చీలో హాయిగా నిద్రించి, రెండవ సగం చూచినాడు. “మొదటి సగం రెండుసార్లు పోయినా కథకు నష్టం రాలేదు” అని అతని అభిప్రాయం.

ఆ మాటకు నవ్వుకున్నాము గాని అందులో మన రైల్వే పరిభాష ఒకటి దాగి ఉన్నది. పనిగంటల నియమాలలో ‘ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్’ అనే వర్గీకరణ ఉన్న సంగతి పాఠకులకు తెలిసినదే. డ్యూటీ కాలంలో సగమో అంతకు మించియో శారీరక శ్రమగాని, ఎడతెగని ఏకాగ్రతగాని అవసరం లేదని తేల్చి, ఆ సాకుతో గేట్‌మన్‌కు పన్నెండు గంటల రోస్టరు వేస్తారు. నేటి పెద్ద సినిమాలలో అనేకం సరిగా ఈ వర్గానికి చెందినవే. కథానాయకుడు నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా తిరుగుతాడు, నెమ్మదిగా చుట్ట ముట్టిస్తాడు. పని గంటన్నర, రోస్టరు మూడున్నర.

మా మాటకు అభ్యంతరం చెప్పినవాడు ఒక యువ సార్టరు. “నలుగురం కుటుంబంతో వెళితే ఎంత ఖర్చవుతున్నదో మీకు తెలియదు. అంత డబ్బు పోసినప్పుడు మూడు గంటలైనా చూపవద్దా? మీ తరం వారు కర్ణుని నాలుగు గంటలు చూస్తే కళాభిమానం, మేము చూస్తే కాలహరణమా?” అన్నాడు. ఈ ప్రశ్నలో న్యాయం ఉన్నదని ఒప్పుకుంటున్నాము. గడచిన కాలపు సినిమాలన్నీ బంగారమనడం ముసలితనపు తొలి లక్షణం. అయితే సినిమా కొలపాత్రతో కొలిచి పోసే సరుకు కాదు. ‘బలగం’ (2023) రెండు గంటల పైచిలుకు మాత్రమే. ఒక ముదుసలి మరణం, పిండం ముట్టని కాకి, చీలిన కుటుంబం, ఇంతే కథ. చూచినవారు ఊరికి ఫోను చేసి విడిపోయిన అన్నదమ్ములను పలకరించినారు. ‘27 డౌన్’ (1974) అనే హిందీ చిత్రం ఒక రైల్వే టిక్కెట్ తనిఖీ ఉద్యోగి జీవితం. అదీ సుమారు రెండు గంటలే. బండి పెట్టెలలో ఇరుకైపోయిన మనిషి ఒంటరితనాన్ని మనవాడు తప్పక గుర్తిస్తాడు. కర్ణుని నాలుగు గంటలు నిండినవి గనుక నిలిచినవి. మేము గడియారంతో తగవు పెట్టుకోవడం లేదు, ఖాళీ గంటలతోనే మా తగవు.

ఇక సినిమా ముగిసినా ఇంటికి పోలేనివారు కొందరున్నారు. ఆపరేటరు, గేటు కీపరు, కాంటీను కుర్రవాడు, హాలు ఊడ్చే స్త్రీలు. మూడున్నర గంటల చిత్రాన్ని రోజుకు నాలుగు ఆటలు వేస్తే విరామాలూ శుభ్రతా కలిసి పదహారు గంటలవుతుంది. రెండవ ఆట వదిలేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటుతుంది. 1981లో పార్లమెంటు చేసిన సినిమా కార్మికుల చట్టం ఈ థియేటరు ఉద్యోగులకు ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ వర్తింపజేసింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడ్‌లలో ఆ చట్టం విలీనమైపోయింది. చట్టం ఏ పేరుతో ఉన్నా, అదనపు గంటకు అదనపు వేతనం అందుతున్నదా అన్నదే ప్రశ్న. తెల్లవారుజామున సార్టింగు ముగించి ఇంటికి నడిచిన మనకు ఆ గేటు కీపరు కళ్లలోని ఎరుపు అపరిచితం కాదు.

మేము కోరేది స్వల్పం. కాలపట్టికలో బండి బయలుదేరే వేళతో పాటు చేరే వేళ కూడా ముద్రిస్తాము. టిక్కెట్టు మీద సినిమా మొదలయ్యే వేళతో పాటు, ప్రకటనలతో సహా, ముగిసే వేళ కూడా ఉండాలి. మన రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లలో నెలకొక మంచి చిన్న చిత్రం ప్రదర్శించి, తరువాత అరగంట చర్చించుకునే అలవాటును శాఖలు చేపట్టాలి. పెద్ద సినిమాకు వెళ్లదలచిన మిత్రులు నిరభ్యంతరంగా వెళ్లండి, బాగుంటే మాకూ చెప్పండి. వెలుపలికి వచ్చేటప్పుడు మాత్రం గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, “అన్నా, నీ డ్యూటీ ఎప్పుడు దిగుతావు?” అని అడగండి. సంఘాలన్నీ అటువంటి ప్రశ్నతోనే పుట్టినవి.