సైకిలు తొక్కేవారికి హెల్మెట్ జరిమానా వద్దు

సంపాదకులు గారికి,

సైకిలు తొక్కేవారికీ హెల్మెట్ తప్పనిసరి చేయాలని, పెట్టుకోకపోతే జరిమానా వేయాలని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. నేను సైకిలెక్కితే హెల్మెట్ పెట్టుకుంటాను, మా అమ్మాయికీ పెడతాను. అయినా ఆ సూచనను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

హెల్మెట్ తప్పనిసరి చేసే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే వర్తిస్తుంది. దాన్ని మామూలు సైకిళ్లకు కూడా పెడితే దొరికేదెవరు? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న సైకిలు దారిలో సరదాగా తొక్కేవారిలో చాలామంది ఎలాగూ హెల్మెట్‌తోనే వస్తారు. దొరికేది పేపర్లు వేసే కుర్రాడు, హ్యాండిల్‌కు క్యారియర్ తగిలించుకుని పనికి పోయే తాపీమేస్త్రి, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్. వీళ్లది నిర్లక్ష్యం కాదు. కాస్త మంచి హెల్మెట్ కొనాలంటే ఒక రోజు కూలి పోతుంది. మే నెల ఎండకు తలకు తువ్వాలు చుట్టుకోవాలి. పనిచోట హెల్మెట్ దాచుకునే చోటుండదు, సైకిలుకే తగిలించి వెళితే సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం లేదు. చిన్న ఊళ్లలో అయితే అసలు అది దొరకడమే కష్టం.

హెల్మెట్ లోపలుండేది థర్మోకోల్ లాంటి నురగ. పడ్డప్పుడు అది నలిగి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం దాన్ని పరీక్షించేది గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో. గుంతలో చక్రం పడో, ఇసుకలో జారో పడితే తల దక్కుతుంది, నేను పెట్టుకునేది అందుకే. వెనక నుంచి దూసుకొచ్చే లారీకి అది సమాధానం కాదు.

నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్లు హెల్మెట్ పెట్టుకోవడం అరుదు. రోడ్ల మీద పిల్లలు చనిపోతుంటే 1970లలో అక్కడి తల్లిదండ్రులు వీధికెక్కారు. ఆ తర్వాత సైకిళ్లకు వేరే దారులు పెరిగాయి, ఇళ్ల మధ్య వాహనాల వేగం తగ్గింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లో సైకిళ్లకు హెల్మెట్ చట్టం తెచ్చింది. తల గాయాలు తగ్గాయి గానీ, సైకిలెక్కే పిల్లలూ తగ్గిపోయారు. సైకిలు మానేస్తే మన తాపీమేస్త్రి పనికెలా వెళ్తాడు?

హెల్మెట్ కావాలి, కానీ చలానా రూపంలో కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఇకపై ఏ ప్రభుత్వం సైకిలిచ్చినా దాంతోపాటే హెల్మెట్, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఇవ్వాలి. రోడ్డు అంచున తెల్లగీత అవతల మీటరు మేర చదునుగా, ఇసుక లేకుండా ఉంచాలి. పోలీసులు తనిఖీ చేయాలనుకుంటే ఆ అంచు మీద ఆపిన లారీలతో మొదలుపెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి