పెట్ట వీపు మీది గాయం

లంబసింగి వెళ్ళి వచ్చినవారందరూ మంచు గురించే రాస్తారు. రాయదగినదే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరి శీతకాలపు తెల్లవారుజాములు తెలుగునేల మీద అరుదైనవి. నేను మాత్రం ఈ టపాలో ఒక కోడిపెట్ట గురించి రాయబోతున్నాను. నవ్వుకున్నా సరే, మిత్రులు చివరిదాకా చదవాలని మనవి.

చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు ఆ పెట్ట నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. వీపు మీద ఈకలు లేవు. చర్మం ఎర్రబడి ఉంది, రెక్క మొదట్లో నెత్తురు ఎండి ఉంది. ఏ పిల్లో పట్టబోయిందనుకున్నాను. ఆ ఇంటి ముసలమ్మ పెరటివైపు చూపించింది. అక్కడ మూడు పుంజులు, అయిదు పెట్టలు.

"పుంజులు తొక్కీసినాయి బాబూ" అన్నది.

"దానికి నొప్పి ఉండదా?" అన్నాను.

"నొప్పుండదేటి? నోరు నేదు గానీ."

మన వాఙ్మయంలో పుంజుకు పెద్దపీటే ఉంది. పలనాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపందెం ఒక రాజ్యాన్నే మార్చింది. కుక్కుటశాస్త్రం కాకి, డేగ, నెమలి అంటూ పుంజుల రంగులను లెక్కించి, ఏది ఏ వేళ గెలుస్తుందో చెబుతుంది. ఆ పుంజును పొదిగి, రెక్కల కింద దాచి పెంచిన పెట్టను గురించి అంత శ్రద్ధగా చెప్పినది నాకు కనబడలేదు.

పుంజు పెట్ట వీపు మీదికి ఎక్కి, ముక్కుతో మెడ వెనుక ఈకలు పట్టుకొని, కాళ్ళతో నిలదొక్కుకుంటుంది. గోళ్ళు, కాలి వెనుక ముల్లు వీపునూ, పక్కలనూ చీరుతాయి. మొదలంటా ఊడిన ఈక కొన్ని వారాల్లో మళ్ళీ వస్తుంది. నడుమ విరిగిన ఈక అలా కాదు. దాని మొదలు చర్మంలోనే ఉండిపోయి, ఈకలు రాల్చే కాలం దాకా కొత్తది రానివ్వదు. లంబసింగి చలిలో బోడి వీపుతో నెలలు గడపడమంటే ఏమిటో ఊహించండి. పైగా ఎర్రని పుండు కనబడితే తోటి పెట్టలే పొడుస్తాయి. ఈగలు వాలితే పురుగు పడుతుంది.

"అది ప్రకృతి ధర్మం, మనమేం చేస్తాం?" అనేవారున్నారు. నేను ఒప్పుకోను. అడవికోళ్ళలో బలమైన పుంజు మిగతా పుంజులను తరిమివేస్తుంది. పెట్టకు పారిపోవడానికి పొదలున్నాయి. అయిదు పెట్టల నడుమ మూడు పుంజులను ఒకే పెరట్లో ఉంచినది మనిషి. సంక్రాంతికో, దేవత మొక్కుకో పుంజుకు మంచి ధర పలుకుతుంది కనుక ఉంచాడు. ఆ ధర వచ్చేదాకా పుంజుల మేపు ఖర్చు మనం లెక్కవేస్తాము. పెట్ట వీపు భరించే ఖర్చు ఏ లెక్కలోనూ రాదు.

నివారణ కష్టమైనదేమీ కాదు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజే అక్కరలేదు. పిల్లలు కావలసినప్పుడు మాత్రమే కావాలి. ఒకసారి కలిసిన తరువాత పుంజు బీజం పెట్ట శరీరంలో నిలవ ఉండి, వారం పది రోజులపాటు పొదుగుకు పనికివచ్చే గుడ్లనిస్తుంది. కాబట్టి పుంజును రోజూ పెట్టల మధ్య వదలనవసరం లేదు. అసిల్, వనరాజా వంటి బరువైన పుంజులను చిన్న నాటుపెట్టలతో కలపకపోవడం మేలు. కాలి ముల్లు కొనను ఆకురాయితో మొద్దుబార్చవచ్చు; లోపల నెత్తురు ఆడే భాగం ఉంటుంది గనుక కొన దాటకూడదు. పాత మందపు గుడ్డను వీపుకు కప్పి, రెక్కల కింద నుంచి పట్టీలు వేస్తే గోళ్ళు తగలవు. దాని కింద పేలు చేరకుండా అప్పుడప్పుడూ విప్పి చూడాలి. గాయపడ్డ పెట్టను ఉప్పునీటితో కడిగి, పసుపు, వేపనూనె రాసి, మానేదాకా వేరే గంప కింద ఉంచాలి.

"రెండు పుంజులను విడిగా కట్టేయకూడదా అమ్మా?" అని ముసలమ్మను అడిగాను.

"కట్టీవచ్చు బాబూ. పెట్ట నాది, పుంజులు మా ఇంటాయనవి. ఆయన్నడగాల" అన్నది.

ఆ మాట తరువాత నేను చెప్పదలచిన సలహాలన్నీ చిన్నబోయాయి. గుడ్లమ్మి ఉప్పూ, నూనే తెచ్చేది ఆమె. పందెం ధర చూసుకొనేది ఆయన. గాయాన్ని మాన్పే పసుపు ఆమె చేతిలో ఉన్నది. గాయం కాకుండా ఆపే తాడు ఆయన చేతిలో ఉన్నది. ఈ టపా ఆయన వంటివారి కోసం రాశాను.

పల్లెల్లో పెరిగిన మిత్రులు మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఏం చేసేవారో గుర్తుచేసుకొని రాస్తే సంతోషిస్తాను.